సెషన్ జీరో, పాఠం 3: "ఏదైనా ఓకే" అన్నవాళ్ళని ఎలా అడగాలి

సెషన్ జీరో అంటే, డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి, తలా ఒక క్యారెక్టర్‌ అయి కలిసి కథ నడిపే ఆటల్లో, ఆట మొదలయ్యే ముందు అందరూ కూర్చుని ఎలా ఆడదామో మాట్లాడుకోవడం. ఈసారి క్యారెక్టర్ల మధ్య చుట్టరికాలు ఎలా కలపాలో చెప్తానన్నా కదా, అది వచ్చే పాఠానికి జరుపుతున్నా. ఎందుకంటే ఎవరికి ఎలాంటి ఆట కావాలి, ఏది ఇబ్బంది అని పోయినసారి ఇచ్చిన ప్రశ్నలు పట్టుకెళ్ళి అడిగినవాళ్ళు దాదాపు అందరూ నాతో ఒకటే అన్నారు, "అన్నా అడిగాం, అందరూ ఏదైనా ఓకే అన్నారు, ఇరవై నిమిషాల్లో అయిపోయింది" అని. ఇరవై నిమిషాల్లో అయిపోయిందంటే అది అసలు మొదలవ్వలేదని. తప్పు నాదే, ప్రశ్నలు ఇచ్చి ఊరుకున్నా, అడిగే పద్ధతి చెప్పలేదు.

డైస్, షీట్లు, ఏ క్లాస్ (యోధుడు, దొంగ లాంటి క్యారెక్టర్ రకం) ఏం చేస్తుంది, ఇవన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నా. స్టాట్స్, అంటే క్యారెక్టర్ బలం, తెలివి లాంటి ఆరు సామర్థ్యాల అంకెల విషయంలో మాత్రం నా మాట వినండి, 15, 14, 13, 12, 10, 8 అందరికీ ఇచ్చెయ్యండి. నాలుగు డైస్ వేసి చిన్నది తీసేసి మిగతా మూడూ కలిపే పద్ధతిలో మజా ఉంటుంది గానీ ఒకడికి 18 పడి పక్కవాడికి అన్నిట్లోకీ పెద్దది 13 అయితే ఆ బాధ ఏడాదంతా లాగుతుంది.

ఇక అసలు సంగతి. ఎవరింటికన్నా వెళ్తే కాఫీయా టీయా అని అడిగితే "ఏదైనా పర్లేదండీ" అంటాం చూశారా, టేబుల్ దగ్గర "ఏదైనా ఓకే" కూడా అచ్చం అదే. పాపం డీఎం (డంజన్ మాస్టర్, అంటే కథ నడిపేవాడు) నెలరోజులు కూర్చుని మ్యాపులు గీసుకొచ్చాడు, ఇప్పుడు నాకు సాలీళ్ళంటే పడదు అని చెప్తే ఏమనుకుంటాడో అనే మొహమాటం. దాన్ని ఒప్పుకోలు అనుకుని ముందుకెళ్ళిపోతే దెబ్బ నాలుగో సెషన్లోనో ఐదో సెషన్లోనో తగులుతుంది.

నాకు తగిలింది. కొంచెం భయం పాళ్ళు ఎక్కువున్న క్యాంపెయిన్ (సెషన్ల తరబడి సాగే ఒకే కథ), ఆరుగురం, సెషన్ జీరోలో "ఎవరికైనా ఏమన్నా ఇబ్బందా?" అన్నాను, అందరూ తల అడ్డంగా ఊపారు. నాలుగో సెషన్లో ఒక ఊళ్ళో బావిలోంచి చిన్నపిల్లని పైకి తీసే సీన్ పెట్టా, తడి జుట్టు, ఒక కాలికే మిగిలిన పట్టీ, బాగా వర్ణించాననే అనుకున్నా. ఒకమ్మాయి తన డైస్ ఒక్కొక్కటీ సంచిలో వేసుకుని మంచినీళ్ళు తెచ్చుకుంటానని వంటింట్లోకి వెళ్ళింది, ఎంతకీ రాలేదు. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో బావిలో బాబాయి కూతురు పోయిందట. ముందే చెప్పాల్సింది కదా అన్నాను. "అందరి ముందూ అలా అడిగితే ఎలా చెప్పమంటావ్?" అంది. ఆ మాట తర్వాత నేను అడిగే తీరు మొత్తం మార్చేశా.

మొదటిది, నోటితో చెప్పించకుండా రాయించండి. తలా ఒక చీటీ, రెండు నిమిషాలు. రాయడానికి ఏమీ లేనివాళ్ళు పొద్దున ఏం టిఫిన్ తిన్నారో రాయాలి, ఇది తప్పనిసరి, ఎందుకంటే అందరి పెన్నులూ కదులుతుంటే ఎవరు నిజంగా రాస్తున్నారో బయటపడదు. డీఎం కూడా రాయాలి. చీటీలు మీరొక్కరే చదివి, పేర్లు చెప్పకుండా రెండు వరసలు చెయ్యండి: గీత, పరదా. గీత అంటే ఆ విషయం మన కథలో ఉండనే ఉండదు. పరదా అంటే కథలో జరగొచ్చు గానీ చూపించం, తలుపు మూసేసి మర్నాటి పొద్దునకి వెళ్ళిపోతాం. ఇంగ్లీషులో లైన్స్ అండ్ వీల్స్ అంటారు.

రెండోది, "క్యాంపెయిన్ సీరియస్‌గా ఉండాలా సరదాగా ఉండాలా" అని అడగొద్దు, "రెండూ" అంటారు. సీన్ పెట్టి అడగండి. "లెవెల్ 2లో గాబ్లిన్ బాణం తగిలి పడిపోయావ్, డెత్ సేవ్‌లు (బతుకుతావో లేదో తేల్చే డైస్) మూడూ ఫెయిల్, నువ్వు అంతేనా, లేక నేనేదన్నా దారి చూపించాలా?" "పక్కన పడుకున్న నీ ఫ్రెండ్ సంచిలోంచి దొంగ క్యారెక్టర్ బంగారం కొట్టేసింది, నవ్వుతావా, గొడవపడతావా, అసలిలాంటిది వద్దంటావా?" "ఊరి పెద్ద అబద్ధం చెప్తున్నాడని మీ అందరికీ తెలుసు, గంటసేపు మాటలతో లాగుతారా, కత్తి తీస్తారా?" అందరికంటే తక్కువ మాట్లాడేవాళ్ళని ముందు అడగండి, గట్టిగా మాట్లాడేవాడు ఒక్కసారి నోరు తెరిస్తే మిగతావాళ్ళంతా "నాదీ అదే" అంటారు.

ఎక్స్ కార్డ్ మీలో కొందరికి తెలిసే ఉంటుంది, జాన్ స్టావ్రోపోలస్ 2013లో ఇచ్చాడు, టేబుల్ మధ్యలో ఎక్స్ రాసిన కార్డు, ఎవరు ముట్టుకున్నా ఆ సీన్ ఆగుతుంది, కారణం అడగకూడదు. మంచిదే, కానీ మన మొహమాటానికి ఎవరూ చెయ్యి పెట్టరు. అందుకే మొదటి సెషన్లోనే ఏదో చిన్నదానికి నేనే ముందు ముట్టుకుంటా, ఆ తర్వాత చేతులు కదులుతాయి.

అమెరికాలో ఉన్నవాళ్ళతో ఆన్‌లైన్లో ఆడేవాళ్ళకి ఒక్క మాట. డల్లాస్‌లో శనివారం రాత్రి 9 అంటే వేసవిలో మనకి ఆదివారం పొద్దున 7:30. నవంబర్లో వాళ్ళ గడియారం గంట వెనక్కి జరుగుతుంది, మనది కదలదు, అదే రాత్రి 9 మనకి 8:30 అవుతుంది. ఎవరి గడియారం ప్రకారం ఆడతారో సెషన్ జీరోలోనే తేల్చుకోండి.

ప్రాక్టీస్: మీ క్యాంపెయిన్‌కి సరిపోయే సీన్ ప్రశ్నలు ఐదు రాసి, ప్లేయర్లకి ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి అడగండి. దేనికైనా ఇద్దరు "నీ ఇష్టం" అన్నారంటే ఆ ప్రశ్న కొట్టేసి కొత్తది రాసి మళ్ళీ ఫోన్ చెయ్యండి. నాకు ఒక్కోసారి మూడు రౌండ్లు పట్టింది. ఐదు ప్రశ్నలకీ అసలు జవాబులు వచ్చాకే చుట్టరికాల పాఠం మొదలుపెట్టండి, అందులో ఆ జవాబులతోనే పని.