తప్తపాణి వేడినీటి ఊట దగ్గర రాత్రి బస చేసేవారికి

ఒడిశాలోని బరంపురం నుంచి దిగపహండి మీదుగా సుమారు 50 కిలోమీటర్లు వెళితే, అడవి కొండల మధ్య తప్తపాణి గంధకపు ఊట కనిపిస్తుంది. గంజాం, గజపతి జిల్లాల తెలుగు కుటుంబాలు చాలావరకు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేస్తుంటాయి. కానీ కొండగాలి వణికించే చలికాలపు తెల్లవారుజామున ఆ నీటి వెచ్చదనం అనుభవించాలంటే రాత్రి అక్కడే ఉండాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అందుకు అనువైన కాలం.

అడవిలో గుడారం వేయాలంటే అటవీ శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. అది దొరకకపోతే పర్యాటక శాఖవారి పాంథనివాస్‌లో గది తీసుకోవడమే మేలు, ముఖ్యంగా పిల్లలతో వెళ్లేవారికి. గుడారాన్ని వాగు ఒడ్డున గానీ, ఎండుకొమ్మలున్న చెట్టు కింద గానీ వేయకూడదు. ఈ కొండల్లో ఏనుగులు తిరుగుతాయి కనుక బియ్యం, పండ్లు, ఉప్పు గుడారంలో ఉంచకుండా బండిలో పెట్టి తలుపులు మూయాలి. చీకటి పడ్డాక అడవి దారుల్లో నడవకూడదు. దక్షిణ ఒడిశా కొండల్లో మలేరియా ఉన్నందున దోమతెర తప్పనిసరి.

ఇక స్నానం సంగతి. ఇక్కడ అగ్నిపర్వతమేదీ లేదు. రాతి పగుళ్ల గుండా లోతుకు ఇంకిన వాననీరు భూగర్భ వేడికి కాగి పైకి వస్తుంది. నీటికి గంధకపు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు వల్లనే కలుగుతుంది, వెండి నల్లబడేదీ దానివల్లనే కాబట్టి పట్టీలు, మొలతాళ్లు ముందే తీసి దాచుకోవాలి. ఊట నీరు పైకి వచ్చే మూలకుండం కంధీదేవి సన్నిధిలోని పూజాస్థలం. అందులో దిగకుండా, నీరు మళ్లించిన చోటనే స్నానం చేయాలి. ముందుగా చేత్తో వేడి చూసి, మెల్లగా దిగి, పది పదిహేను నిమిషాల్లో బయటికి రావాలి. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని సలహా లేకుండా దిగరాదు. తల ముంచడం, ముక్కులోకి నీరు పోనివ్వడం అసలే వద్దు. వెచ్చని మంచినీటిలో బతికే నెగ్లేరియా అనే అమీబా అరుదుగానే సోకినా, మెదడుకు చేరితే ప్రాణాంతకమవుతుంది.

చర్మరోగాలు తగ్గుతాయనే నమ్మకంతో చాలామంది వస్తారు. ఆ నమ్మకాన్ని గౌరవించవలసిందే గానీ, వాడుతున్న మందులు మానకూడదు. పుండ్లు ఉన్నవారు అందరూ దిగే నీటిలో దిగకపోవడం ఇతరుల పట్ల మర్యాద. సబ్బు, షాంపూ, నూనె ఊట దగ్గరికి తీసుకెళ్లకూడదు. ఆ నీటిని తాగడానికి వాడక, తాగునీరు బరంపురం నుంచే తీసుకెళ్లి, ఖాళీ సీసాలను మళ్లీ బండిలోనే వెనక్కు తెచ్చుకోవాలి.