బయోస్ పట్టికల్లో తప్పులు: లినక్స్ ల్యాప్‌టాప్‌లో లక్షణం, కారణం, మరమ్మతు

బూట్ అవుతుండగా "ఎసిపిఐ బయోస్ ఎర్రర్" అని ఎర్ర వరుసలు కనపడగానే చాలామంది లినక్స్‌ను తిడతారు. ఎసిపిఐ అంటే హార్డ్‌వేర్, కరెంటు వాడకం గురించి బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాము) ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పే పద్ధతి. తప్పు ఎక్కువసార్లు బయోస్‌లోని పట్టికలదే. బ్యాటరీ, మూత, బ్రైట్‌నెస్‌లను నడిపే చిన్న ప్రోగ్రాములు డీఎస్‌డీటీ, ఎస్‌ఎస్‌డీటీ అనే పట్టికల్లో ఉంటాయి. వాటిని కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) చదివి అమలు చేస్తుంది. విండోస్‌లో నడిస్తే చాలని వదిలేసిన పట్టిక ఇక్కడ తడబడుతుంది. అందుకే ఏ చిక్కైనా ముందు బయోస్ అప్‌డేట్ చేసి చూడండి.

ఎర్ర వరుసలున్నా అన్నీ పనిచేస్తున్నాయి

"ఏఈ_నాట్_ఫౌండ్" అంటే పట్టిక పిలిచిన పేరు ఎక్కడా లేదని. "ఏఈ_ఆల్రెడీ_ఎగ్జిస్ట్స్" అంటే ఒకే పేరు రెండుసార్లు పెట్టారని. లక్షణం లేకపోతే వదిలేయండి.

ఏ పనీ లేకున్నా ఫ్యాన్ మోత, కేవర్కర్ (కెర్నెల్ సొంత పనులు చేసే ప్రాసెస్) ఒక కోర్‌ను తినేస్తోంది

ఇది ఇంటరప్టుల తుఫాను కావచ్చు. హార్డ్‌వేర్ పంపిన సంకేతానికి మూలాన్ని పట్టికలోని మెథడ్ (చిన్న ప్రోగ్రాము) సరిగా తీర్చకపోతే, అదే సంకేతం సెకనుకు వేలసార్లు తిరిగొస్తుంది. సిస్ ఫోల్డర్‌లో ఫర్మ్‌వేర్, అందులో ఎసిపిఐ, అందులో ఇంటరప్ట్స్ తెరవండి. జీపీఈ ఫైళ్లలో (ఒక్కో హార్డ్‌వేర్ సంకేతానికి ఒకటి) ఏ అంకె పరుగెడుతోందో చూడండి. ఎస్‌సీఐ, జీపీఈ_ఆల్ కూడా పెరుగుతాయి, అవి మొత్తాలు మాత్రమే. దొరికింది 6ఎఫ్ అనుకుందాం. రూట్‌గా ఆ ఫైల్‌లో "డిసేబుల్" అని రాస్తే కేవర్కర్ వెంటనే చల్లబడాలి. అప్పుడు కెర్నెల్ లైనులో (బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్‌కు ఇచ్చే ఆదేశాల వరుస) ఎసిపిఐ_మాస్క్_జీపీఈ=0ఎక్స్6ఎఫ్ చేర్చండి. అయితే అదే సంకేతం మీద మూత, చార్జర్ కబుర్లు కూడా వస్తుంటే అవీ ఆగిపోతాయి. మూత మూసి, చార్జర్ పీకి పరీక్షించాకే ఖాయం చేయండి.

బ్రైట్‌నెస్ కీలు పనిచేయవు

కెర్నెల్ లైనులో ఎసిపిఐ_బ్యాక్‌లైట్=నేటివ్ పెట్టండి, కుదరకపోతే వెండర్. అప్పటికీ కుదరకపోతే అసలు చిక్కు వేరేచోట ఉండొచ్చు. పట్టిక "నువ్వు ఏ విండోస్?" అని అడుగుతుంది, లినక్స్ తనకు తెలిసిన విండోస్ పేర్లన్నిటికీ ఔననే అంటుంది. ఆ పేర్లన్నీ చెరిపేసే ఎసిపిఐ_ఓఎస్‌ఐ=! పెట్టి, పక్కనే ఎసిపిఐ_ఓఎస్‌ఐ="విండోస్ 2009" ఇస్తే, తనను నడిపేది విండోస్ 7 అనుకుని పట్టిక పాత దారి పడుతుంది.

బ్యాటరీ కనపడదు, లాగ్‌లో "అబార్టింగ్ మెథడ్"

ఇక పట్టికనే దిద్దాలి. ఖాళీ ఫోల్డర్‌లో పట్టికలను బయటకు తీసే ఎసిపిఐడంప్‌ను "బి" ఆప్షన్‌తో నడపండి, పట్టికలు విడివిడి ఫైళ్లుగా వస్తాయి. డీఎస్‌డీటీని ఐఎఎస్ఎల్‌తో (పట్టికను విప్పి, మళ్లీ కంపైల్ చేసే ప్రోగ్రాము) విప్పేటప్పుడు "ఇ" ఆప్షన్‌కు ఎస్‌ఎస్‌డీటీలన్నీ అందించండి. లేకుంటే బయటి పేర్లు తెలియక విప్పిన కోడే తప్పుల కుప్పవుతుంది. ఏమీ మార్చకుండా ఒకసారి కంపైల్ చేసి, ముందునుంచీ ఉన్న ఎర్రర్లు రాసిపెట్టుకోండి. ఆగిన మెథడ్‌ను దిద్దాక, ఫైల్ మొదట్లోని డెఫినిషన్ బ్లాక్ వరుసలోని చివరి అంకెను 1 పెంచండి. అది పెరగకపోతే కెర్నెల్ మీ పట్టికను పట్టించుకోదు.

కంపైలైన ఫైల్‌ను కెర్నెల్, ఫర్మ్‌వేర్, ఎసిపిఐ అనే వరుస ఫోల్డర్లలో పెట్టి, సీపీఐఓ న్యూసీ అనే ఆర్కైవ్ రూపంలో కట్టండి. కంప్రెస్ చేయొద్దు. గ్రబ్‌లో (బూట్ మెనూ ప్రోగ్రాము) దీన్ని అసలు ఇనిట్‌ఆర్‌డీకి (బూట్ మొదట్లో కెర్నెల్ వాడే ఫైళ్ల కట్ట) ముందు ఉంచాలి. సెక్యూర్ బూట్ (సంతకమున్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ చేయనిచ్చే రక్షణ) ఉండి, కెర్నెల్ లాక్‌డౌన్‌లో (తనను మార్చనివ్వని స్థితి) ఉంటే ఈ మార్పును తోసేస్తుంది. పాత బూట్ ఎంట్రీని తీసేయకండి. బయోస్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ మీ పట్టికను తీసేసి, కొత్తదాన్ని డంప్ చేసుకుని మొదటినుంచీ దిద్దండి.