మిల్ గీతలు, ఎంఓఏ క్లిక్కులు: నా స్కోప్ గుట్టు తెలిసిన తీరు

100 మీటర్ల దూరంలో తూటా గురికి 2 మిల్ (మిల్ అంటే కోణపు కొలత; 100 మీటర్ల వద్ద 10 సెంటీమీటర్లు) కింద పడుతున్నట్లు నా రైఫిల్ స్కోప్ రెటికిల్‌లో (లోపల కనిపించే కొలత గీతల్లో) చూసి, క్లిక్కుకు 0.1 మిల్ అనుకుని టరెట్‌ను (గురి సవరించే గుండీని) 20 క్లిక్కులు తిప్పినా, అది ఇంకా సుమారు 5 సెంటీమీటర్లు కిందే పడేది. మౌంట్ మరలు బిగించడం, తూటాలు మార్చడం, మళ్లీ జీరో చేయడం (తూటా పడే చోటికి గురిని సరిపెట్టడం) ఏవీ పనిచేయలేదు.

చివరకు ఖాళీ రైఫిల్‌ను కదలకుండా బిగించి, టేపుతో కొలిచిన 100 మీటర్ల దూరంలో సెంటీమీటర్ల గీతలున్న అట్టను నిలబెట్టి, స్కోప్‌లోంచి చూస్తూ సరిగ్గా 40 క్లిక్కులు తిప్పాను. క్లిక్కుకు 0.1 మిల్ అయితే రెటికిల్ 40 సెంటీమీటర్లు జరగాలి. జరిగింది దాదాపు 29 మాత్రమే. అంటే గీతలు మిల్‌లో, టరెట్ క్లిక్కులు పావు ఎంఓఏలో (ఎంఓఏ మరో కోణపు కొలత, డిగ్రీలో అరవయ్యో వంతు) ఉన్నాయన్నమాట (టరెట్ మూతపై చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంది!). 1 మిల్ సుమారు 3.44 ఎంఓఏ కనుక, 2 మిల్‌కు 27 లేదా 28 క్లిక్కులు తిప్పాలి. అలా తిప్పాక గురి కుదిరింది.

అందరి సమస్యా ఇదే కాకపోవచ్చు. రెటికిల్ రెండో ఫోకల్ ప్లేన్‌లో ఉంటే (అంటే మాగ్నిఫికేషన్ మార్చినా గీతలు అదే పరిమాణంలో కనిపించే రకమైతే), దాని మిల్ కొలత తయారీదారు చెప్పిన మాగ్నిఫికేషన్ వద్దే సరిపోతుంది; ముందు అది చూసుకోవడం మంచిది.