మరియా కల్లాస్ ముఖాన్ని పెన్సిల్‌తో గీయడం ఎలా?

ఆపెరా (పాటలతోనే నడిచే పాశ్చాత్య సంగీత నాటకం) గాయని మరియా కల్లాస్ (1923–1977) ముఖం బొమ్మలు గీసేవాళ్లకు మంచి పరీక్ష. పెద్ద కళ్లు, పొడుగాటి ముక్కు, వెడల్పాటి నోరు. అందంగా గీయాలని చూస్తే పోలిక పోతుంది.

కావాల్సినవి: కాస్త మందమైన డ్రాయింగ్ పేపర్, హెచ్‌బీ, దానికంటే మెత్తగా, నల్లగా గీసే 4బీ, ఇంకా నల్లటి 6బీ పెన్సిళ్లు, మెత్తటి రబ్బరు.

1. ముందు ఫొటో చూసుకోండి. 1953–54 ప్రాంతంలో ఆమె బాగా బరువు తగ్గారు. అంతకుముందు ఫొటోలూ ఆ తర్వాతివీ కలిపి చూస్తూ గీస్తే వచ్చే ముఖం ఎవరిదీ కాదు. 1958 డిసెంబరులో పారిస్‌లో చేసిన కచేరీ వీడియో దొరుకుతుంది. నచ్చినచోట ఆపి స్క్రీన్‌షాట్ తీసుకోండి. వెలుగు ఒక పక్క నుంచి పడితే మరీ మంచిది.

2. హెచ్‌బీతో కోడిగుడ్డు ఆకారం, నడిమి గీత, సగం ఎత్తులో కళ్ల గీత తేలిగ్గా వేసుకోండి. నొక్కారంటే తర్వాత చెరగవు.

3. సగం టైము కళ్లకే కేటాయించండి. ఆమెకు దూరపు చూపు బాగా తక్కువ. స్టేజీ మీద కళ్లజోడు లేకుండా పాడేవారు కాబట్టి వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్ కూడా సరిగ్గా కనిపించేవాడు కాదు. అందుకే కనుపాపల్ని ఏదో వస్తువును గుచ్చి చూస్తున్నట్టు గీయకండి. పై రెప్ప మీది ఐలైనర్‌ను 4బీతో లోపలి మూల నుంచి మొదలుపెట్టి, మధ్యలో మందం చేసి, కంటి చివర దాటాక సన్నగా కణత వైపు ఎత్తండి. మెరుపు చుక్కకు కాగితం తెల్లగా వదిలేయండి, రెండు కళ్లలోనూ ఒకే వైపున. కనుబొమల్ని ముద్దగా నల్లచేయకుండా వెంట్రుకలు వాలిన దిక్కులో చిన్న చిన్న గీతలతో నింపండి.

4. ముక్కు దగ్గర చేతులు మోసం చేస్తాయి, తెలియకుండానే పొట్టిగా గీసేస్తాయి. కొలిచి చూసుకోండి. రెండు పక్కలా గీత వద్దు, నీడ పడిన వైపు షేడింగ్ చాలు.

5. పాడుతున్న ఫొటో అయితే దవడ కిందికి దిగుతుంది, కాబట్టి గుడ్డు అడుగును కూడా సాగదీయాలి. పళ్ల మధ్య గీతలు మాత్రం గీయకండి, నోరు దువ్వెనలా తయారవుతుంది. నోటి లోపలి చీకటి 6బీతో వేసి, పై పళ్లను తెల్లటి పట్టీలా వదిలేయండి. కొత్తవాళ్లు నోరు మూసిన ఫొటోతో మొదలుపెడితే టెన్షన్ ఉండదు.

6. వెనక్కి దువ్వి ముడి వేసిన జుట్టుకు ముందు మొత్తంగా నీడ వేసి, మెరుపులు రబ్బరుతో తీయండి.

చివర్లో బొమ్మను ఫోన్‌లో ఫొటో తీసి కుడి ఎడమలు తిప్పి చూడండి. వంకరగా ఉన్న కన్ను వెంటనే దొరికిపోతుంది. దిద్దుబాట్లన్నీ అయ్యాకే పెన్సిల్ గీతలు చెదరకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ స్ప్రే కొట్టండి, ఆ తర్వాత రబ్బరు సరిగా పనిచేయదు.