ముందు ఎత్తు తేల్చుకోవాలి: వైశాల్యం, ఘనపరిమాణం కనుక్కునే పద్ధతి

వైశాల్యం, ఘనపరిమాణం లెక్కల్లో చాలా తప్పులు సూత్రం గుర్తులేక జరిగేవి కావు. ఏ కొలతను ఎత్తుగా తీసుకోవాలో తేల్చుకోకుండానే సూత్రంలో అంకెలు వేయడం వల్ల జరుగుతాయి. ఎత్తు అంటే శీర్షం (పటం మూల) నుంచి భూమికి, అంటే ఎదుటి అడుగు భుజానికి, గీసిన లంబం పొడవు. అధికకోణ త్రిభుజంలో ఆ లంబం పటం బయట పడవచ్చు. అప్పుడు భూమిని ఆ వైపుకు పొడిగించి, దాని మీదికి లంబం గీయాలి. ఏటవాలు భుజాన్ని మాత్రం ఎత్తుగా తీసుకోకూడదు. అందుకే పటం గీయగానే లంబాన్ని చుక్కల గీతతో చూపి, అక్కడ లంబకోణం గుర్తు పెట్టడం అలవాటు చేసుకోవాలి.

త్రిభుజ వైశాల్యం భూమి, ఎత్తుల లబ్ధంలో సగం. ఎత్తు తెలియక మూడు భుజాలే తెలిసినప్పుడు హెరాన్ సూత్రం పనికివస్తుంది. భుజాలు 13, 14, 15 సెంటీమీటర్లు అనుకుందాం. చుట్టుకొలత 42, అందులో సగం 21. ఈ 21లో నుంచి ఒక్కో భుజాన్ని తీసివేస్తే వరుసగా 8, 7, 6 మిగులుతాయి. 21, 8, 7, 6లను గుణిస్తే 7056 వస్తుంది. దాని వర్గమూలం 84 కాబట్టి వైశాల్యం 84 చదరపు సెంటీమీటర్లు. ఇప్పుడు వెనక్కి వెళ్లి ఎత్తును కూడా రాబట్టవచ్చు: 84ను రెట్టింపు చేసి, 14 సెంటీమీటర్ల భూమితో భాగిస్తే 12 వస్తుంది. ఆ లంబం భూమిని 5, 9 సెంటీమీటర్ల ముక్కలుగా విడదీస్తుంది. రెండు వైపులా పైథాగరస్ సిద్ధాంతంతో సరిచూస్తే భుజాలు 13, 15 కచ్చితంగా తిరిగి వస్తాయి. ఇలా సరిచూసుకున్న లెక్కనే నమ్మాలి.

సమాంతర చతుర్భుజానికి భూమిని ఎత్తుతో గుణిస్తే చాలు. సమలంబ చతుర్భుజానికి సమాంతర భుజాల మొత్తంలో సగాన్ని వాటి మధ్య దూరంతో గుణించాలి. వృత్తానికి వ్యాసార్ధపు వర్గాన్ని పై (π)తో గుణించాలి.

ఘనాకృతుల విషయానికి వస్తే, పట్టకం, స్థూపం (సిలిండర్) వంటి వాటికి భూవైశాల్యాన్ని ఎత్తుతో గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది. పిరమిడ్‌కూ, శంకువుకూ అందులో మూడో వంతే. ఈ మూడో వంతు ఎక్కడిదో తెలిస్తే సూత్రం మరచిపోవడం కష్టం: ఒక సమఘనంలో ఏదో ఒక శీర్షాన్ని తీసుకుని, దాన్ని తాకని మూడు ముఖాల మూలలతో కలిపితే, ఆ సమఘనం సరిగ్గా ఒకే పరిమాణం గల మూడు పిరమిడ్లుగా విడిపోతుంది. గోళం ఘనపరిమాణం దాన్ని సరిగ్గా ఇముడ్చుకునే స్థూపంలో మూడింట రెండు వంతులని ఆర్కిమెడీస్ నిరూపించాడు.

శంకువు దగ్గరే ఎక్కువమంది తడబడతారు. వ్యాసార్ధం 7, ఏటవాలు ఎత్తు (శీర్షం నుంచి భూమి అంచు వరకు పొడవు) 25 సెంటీమీటర్లు ఇచ్చారనుకోండి. 25 వర్గం 625లో నుంచి 7 వర్గం 49 తీసివేస్తే 576; దాని వర్గమూలం 24 అసలు ఎత్తు. π విలువను 22/7గా తీసుకుంటే భూవైశాల్యం 154, ఘనపరిమాణం 1232 ఘన సెంటీమీటర్లు. పక్కతల వైశాల్యానికి మాత్రం ఏటవాలు ఎత్తునే వాడాలి: 22/7, 7, 25ల లబ్ధం 550 చదరపు సెంటీమీటర్లు.

కొలతలన్నీ ఒకే ప్రమాణంలోకి మార్చాకే గుణించాలి. ఒక మీటరుకు 100 సెంటీమీటర్లే అయినా, ఒక చదరపు మీటరుకు 10,000 చదరపు సెంటీమీటర్లు, ఒక ఘన మీటరుకు 10,00,000 ఘన సెంటీమీటర్లు, అంటే 1000 లీటర్లు.

పట్టకం, స్థూపం వంటి వాటికి ఘనపరిమాణం ఇచ్చి ఎత్తు అడిగితే భూవైశాల్యంతో భాగించాలి. 28 సెంటీమీటర్ల వ్యాసం గల స్థూపాకార పాత్రలో 20 లీటర్ల నీరు ఎంత ఎత్తున నిలుస్తుంది? వ్యాసార్ధం 14, భూవైశాల్యం 616; 20 లీటర్లంటే 20,000 ఘన సెంటీమీటర్లు, దాన్ని 616తో భాగిస్తే సుమారు 32.5 సెంటీమీటర్లు. వ్యాసాన్నే వ్యాసార్ధంగా వేస్తే భూవైశాల్యం నాలుగింతలై, ఎత్తు నాలుగో వంతుకు, అంటే సుమారు 8.1 సెంటీమీటర్లకు పడిపోతుంది.