సొంత కారు లేకుండా పసిబిడ్డను ఆసుపత్రి నుంచి ఇంటికి క్షేమంగా తీసుకురావడం ఎలా?

కారు లేదని టెన్షన్ పడక్కర్లేదు. టాక్సీ చాలు. కావలసిందల్లా పసిపిల్లల కారు సీటు, దాన్ని బిగించడం వచ్చిన ఒక మనిషి. సీటు కొనేటప్పుడు బేస్ (కారులోనే బిగించి ఉంచే అడుగు పీట) లేకుండా, బండి బెల్టుతోనే బిగించే వీలున్నది తీసుకోండి. కారు లేనివాళ్లకు బేస్ దండగ, మోత బరువు. ఎవరో వాడిన సీటైతే, దాని చరిత్ర తెలియకపోతే వద్దు.

"ఒళ్లో పెట్టుకుంటాం, మెల్లగా పోనిస్తారులే" అనే మాట విన్నప్పుడల్లా నాకు భయమేస్తుంది. బండి 50 కిలోమీటర్ల వేగంలో ఢీకొంటే మూడు కిలోల బిడ్డను ఏ చేతులూ పట్టి ఉంచలేవు. తల్లి బెల్టులోనే బిడ్డనూ కలిపి కట్టడం ఇంకా ఘోరం, తల్లి బరువంతా బిడ్డ మీదే పడుతుంది. టాక్సీలకు చట్టం మినహాయింపు ఇచ్చే చోట్లు ఉన్నాయి, కానీ గుద్దుకున్నప్పుడు ఆ మినహాయింపు పనికిరాదు.

కాన్పుకు ముందే తెలిసినవాళ్ల బండిలో సీటు బిగించి చూసుకోండి. డిశ్చార్జ్ కాగితాలు చేతికొచ్చాకే టాక్సీ పిలవండి. సీటు బిగించడానికి కాసేపు పడుతుందని డ్రైవరుకు ముందే చెప్పండి. తొందరపెడితే ఆ బండి వదిలేయండి.

సీటు వెనక వరుసలోనే, బిడ్డ ముఖం బండి వెనకవైపుకు ఉండేలా పెట్టాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. బెల్టు ఏ దారిన పోవాలో మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. చేత్తో సీటును అదిమి బెల్టు లాగి బిగించండి. కొన్ని బండ్లలో బెల్టును చివరిదాకా లాగి వదిలితేనే లాక్ పడుతుంది. తర్వాత బెల్టు పోయిన చోట పట్టుకుని ఊపితే సీటు 2.5 సెంటీమీటర్లకు మించి కదలకూడదు.

అసలు తప్పులన్నీ బిడ్డను పడుకోబెట్టడంలోనే జరుగుతాయి. పసిబిడ్డకు మెడ నిలవదు, గాలి గొట్టం సన్నం. సీటు మరీ నిటారుగా ఉంటే తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఊపిరి ఆడదు, ఏడుపు కూడా వినపడదు. అందుకే వాలు సరిపోయిందో లేదో సీటు పక్కనున్న గీతో, బుడగో చూసి తేల్చుకోండి. పట్టీలు భుజాల దగ్గరో, కాస్త కిందుగానో బయటికి రావాలి. భుజం ఎముక దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడండి: మడత దొరికితే ఇంకా వదులుగా ఉన్నట్టే. మందపాటి స్వెట్టరు, దుప్పటి చుట్టి పట్టీలు బిగిస్తే బిగువంతా అబద్ధం. పల్చటి బట్టలతో కట్టి, దుప్పటి పైనుంచి కప్పండి, ముఖం మాత్రం కప్పకండి. తల వెనక మెత్తలు దూర్చకండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే, ఈ సీటులో ఊపిరి సరిగా ఆడుతోందో లేదో ఆసుపత్రిలోనే పరీక్షించమని అడగండి.

దారి పొడవునా పెద్దవాళ్లు ఒకరు బిడ్డ పక్కనే కూర్చుని గడ్డం మీద కన్నేసి ఉంచాలి. ఫోను లోపల పెట్టండి. ఇల్లు చేరాక, నిద్ర చెడుతుందని సీటులోనే వదిలేయకండి. బయటికి తీసి, గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి.