కొండగోగుకు హెర్బేరియం షీటు చేయాలంటే

హెర్బేరియం షీటంటే మొక్కను నొక్కి ఎండబెట్టి, కాగితం మీద అంటించి, వివరాల లేబుల్‌తో దాచే నమూనా. పువ్వు, ఆకు, కాయ ఒకే షీటు మీద ఉండాలన్న మాట కొండగోగు దగ్గర చెల్లదు. నల్లమలలో ఈ చెట్టు ఆకంతా రాల్చి, ఫిబ్రవరి, మార్చిల్లో ఉత్త కొమ్మల చివర పసుపుపచ్చగా పూస్తుంది. ఆకు చూడాలంటే వానలు పడాలి. అందుకే అచ్చంపేటలో మా బోటనీ పిల్లలకు ముందే చెప్తాను, ఒక్కసారి పోతే అయ్యే పని కాదని. చెట్టు ఆనవాలు, జీపీఎస్ రెండూ రాసుకుని మళ్లీ అదే చెట్టు దగ్గరికి పోవాలి. అమ్రాబాద్ టైగర్ రిజర్వులో అయితే అటవీ శాఖ అనుమతి కాగితం చేతిలో ఉండాల్సిందే. అది లేకుండా కొమ్మ తుంచితే కేసవుతుంది.

పువ్వు అరచేయంత ఉంటుంది, రేకులు మాత్రం బాగా పలచన. సంచిలో వేసుకుంటే మన్ననూరుకు వచ్చేలోపే ముద్దయిపోతుంది. ప్రెస్సు, అంటే మొక్కను కాగితాల మధ్య నొక్కి ఎండబెట్టే చట్రం, చెట్టు కిందే విప్పండి. ఒక పువ్వును ఎదురుగా, ఒకదాన్ని పక్కకు పరవండి. ఇంకొకదాన్ని నిలువునా చీల్చి కేసరాలు కనిపించేలా పెట్టండి. పైనా కిందా టిష్యూ పేపరు వేయండి. ఎండేదాకా దాన్ని కదపొద్దు, పేపర్లు మార్చేటప్పుడు బయటి న్యూస్‌పేపర్లే మార్చాలి. కాయ ప్రెస్సులో ఇమడదు. దాన్ని కాగితం కవర్లో వేసి షీటుకు అంటించండి, లేకపోతే పగిలి లోపలి దూది, గింజలు గదంతా ఎగురుతాయి.

ఎండిన కొమ్మలో కనపడనివన్నీ లేబుల్ మీదికి రావాలి. చెట్టు ఎత్తు, బెరడు, పువ్వు రంగు, బంక కారుతోందా లేదా అన్నీ అక్కడే రాయండి. బంక గురించి చెంచులను అడగండి, వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. తపసి బంక వేరే చెట్టుది, రెండూ కలిపేయొద్దు.

ఊరు, జిల్లా దగ్గరే అసలు టెన్షన్. నల్లమలలోని ఫరహాబాద్‌లో సేకరించిన షీటు 1956కు ముందుదైతే హైదరాబాద్ రాష్ట్రం అని ఉంటుంది, తర్వాతదైతే ఆంధ్రప్రదేశ్, మహబూబ్‌నగర్ జిల్లా. 2014లో రాష్ట్రం మారింది, 2016లో జిల్లా నాగర్‌కర్నూల్ అయింది. కాబట్టి ఊరి పేరుతో పాటు అక్షాంశం, రేఖాంశం, సముద్రమట్టం నుంచి ఎత్తు రాయండి. పాత లేబుల్‌ను మాత్రం దిద్దొద్దు. పక్కన చిన్న చీటీ అంటించి, ఇప్పటి పేరు, తేదీ, మీ సంతకం పెట్టండి. శాస్త్రీయ నామానికీ ఇదే పద్ధతి. పాత షీట్ల మీద కాక్లోస్పెర్మమ్ గాసిపియమ్ అని ఉంటే అది ఇప్పటి కాక్లోస్పెర్మమ్ రెలిజియోసమే.

ఆకు కోసం రెండోసారి పోయినప్పుడు కొత్త సేకరణ నంబరు, కొత్త తేదీ వేయాలి. పాత నంబరు కిందే ఆకునూ కలిపేస్తే, మార్చిలోనే ఆకు ఉందని రేపు చూసేవాడు అనుకుంటాడు. ‘ఫలానా నంబరు పువ్వు ఈ చెట్టుదే’ అని రెండు లేబుళ్ల మీదా రాస్తే సరిపోతుంది. అదే చెట్టు నుంచి అదే రోజు తీసిన రెండో షీటు (డూప్లికేట్) ఉంటే ఉస్మానియా హెర్బేరియం వాళ్లను అడిగి పంపండి. పాత షీట్లు తిరగేశాక చేతులు కడుక్కోండి, పురుగు పట్టకుండా అప్పట్లో మెర్క్యురిక్ క్లోరైడ్ అనే విషం పూసేవారు.